గ్యాస్ పెట్టిన తేదీ

ఈ ఉదయం పాలు పొంగు రాబోతుండగా పొయ్యి ఆరిపోయింది. సిలిండరు అయిపోవడం వింతేమీ కాదు. ఎన్నాళ్ళు వచ్చిందో చూద్దామని వంటింటి క్యాలెండరులో సెప్టెంబరు కాగితం దాకా వెనక్కి తిప్పడమే నేను చేసిన పొరపాటు. 3వ తేదీ గడిలో, తిథి నక్షత్రాల సన్న అక్షరాల కింద, పెన్సిలుతో "గ్యా. పె." అని నాన్న రాత కనిపించింది. ఆయన తన చేత్తో బిగించిన సిలిండరు మీదే మేము నవంబరు 20 వరకు వండుకున్నామన్నమాట. నాన్న పోయిన సెప్టెంబరు 19వ తేదీ గడి ఖాళీగా ఉంది. అందులో ఏమైనా రాయాలని మాలో ఎవరికీ తోచలేదు, తోచినా రాసి ఉండేవాళ్ళం కాము.

78 రోజులు వచ్చింది. కర్మల పదమూడు రోజులూ వంటవాళ్ళు పెరట్లో తమ పొయ్యి మీదే వండారు కాబట్టి అన్నాళ్ళు వచ్చింది. నాన్న ఉండి ఉంటే ఆ మినహాయింపును కూడా లెక్కలో వేసి, "అసలు వచ్చింది అరవై అయిదే" అని తేల్చేవారు. పాల ప్యాకెట్లు, పనిమనిషి నాగాలు, నీళ్ళ ట్యాంకు కడిగించిన రోజు, అన్నీ ఆ గోడ మీదే ఉండేవి. అమ్మ ఒక పక్క క్యాలెండరును తుడుస్తూ, ఇంకో పక్క "ఈ పిచ్చి రాతలు పండక్కి వచ్చినవాళ్ళు చూస్తే నవ్వుతారు" అని సణుగుతూ ఉండేది. ఇప్పుడు అదే అమ్మ, నేను కొత్త సిలిండరు బిగించి, సబ్బు నురగ రాసి, లీకు లేదని చూసుకుని ఫోనులో తేదీ నమోదు చేస్తుంటే వెనక నిలబడి, "గోడ మీద చోటు లేదా?" అంది. నేను బదులు చెప్పలేదు.

బదులు చెప్పకపోవడానికి కారణం అమ్మ కాదు, తమ్ముడు. వాడు డాలస్‌కు తిరిగి వెళ్ళిన వారానికే నాన్న పోయాక చేయవలసిన పనులతో ఒక ఎక్సెల్ పట్టిక తయారుచేసి నాకు పంపాడు. పని, ఎవరు చేయాలి, ఏయే కాగితాలు, ఎంతవరకు వచ్చింది అని నాలుగు నిలువు గడులు, అడ్డంగా 31 వరుసలు. పని పూర్తయితే వరుస పచ్చగా మారుతుంది, కాకపోతే ఎర్రగా ఉంటుంది. "నాన్న సిమ్ – క్లోజ్", "నాన్న ఖాతా – క్లోజ్", "నాన్న గ్యాస్ – క్లోజ్" అని ఒకదాని కింద ఒకటి ఉంటాయి. గ్యాస్ అయిపోయిందని మధ్యాహ్నం మాటవరసకు వాడికి కబురు పెడితే, రాత్రికి ఆ వరుస పక్కన "ఇంకా పెండింగ్ ఎందుకు?" అని ఒక వ్యాఖ్య ప్రత్యక్షమైంది. నిద్రపట్టక ఇది రాయడానికి కూర్చోవడానికి అసలు కారణం ఆ ప్రశ్నే.

ఎందుకంటే ఏం చెప్పను? కనెక్షన్ నాన్న పేరున ఉంది, దానికి ముడిపడిన నంబరు నాన్నది, సిలిండరు తెచ్చిన అబ్బాయికి చెప్పవలసిన కోడ్ ఆ నంబరుకే వస్తుంది. అందుకే బీరువాలోంచి ఆయన ఫోను తీసి ఛార్జింగ్ పెట్టాను. సిమ్ మూసేయాలన్న వరుస ముందు పచ్చగా మారితే గ్యాస్ వరుస శాశ్వతంగా ఎర్రగానే ఉండిపోతుంది. బ్యాంకు, ఆధార్, కరెంటు బిల్లు, అన్నిటి ఓటీపీలూ ఆ ఫోనులోకే వస్తున్నాయి. ఇవి ఏ వరుస తరువాత ఏ వరుస జరగాలో పట్టికకు తెలియదు. చచ్చీచెడి తిరిగే మనిషికే తెలుస్తుంది.

ఇక పెన్షన్ వరుస సంగతి. మరణ ధ్రువపత్రం మాత్రం ఇబ్బంది లేకుండా వచ్చింది. 1969 నాటి చట్టం కింద మరణం నమోదుకు 21 రోజుల గడువుంది, మేము పదకొండో రోజు లోపలే నమోదు చేయించాము. రైల్వే పెన్షన్ లెక్క కూడా నాకు ఇప్పుడు నోటికి వచ్చేసింది. నాన్న పెన్షన్ ఆఖరి జీతంలో సగం, అమ్మకు వచ్చేది 30 శాతం. ఆయన 67 ఏళ్ళ లోపు పోయి ఉంటే కొంతకాలం అమ్మకూ జీతంలో సగం ఇచ్చేవారట, 78 ఏళ్ళకు పోయారు కాబట్టి ఆ వెసులుబాటు లేదు. చనిపోయిన రోజు వరకు ఆయన పెన్షన్, మర్నాటి నుంచి అమ్మ పెన్షన్. సెప్టెంబరు నెలకు మొత్తం జమ అయిపోయింది కనుక, 20 నుంచి 30 వరకు 11 రోజుల సొమ్ము బ్యాంకు వెనక్కి తీసుకుంది. అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. నాన్నకు తెలిస్తే తనే లెక్క కట్టి ముందే ఇచ్చేసి వచ్చేవారు.

నన్ను మండించినవి ఆ తరువాతి మూడు ప్రయాణాలు. నాన్న, అమ్మలది ఉమ్మడి ఖాతా. పెన్షన్ ఆర్డరులో భార్యగా అమ్మ పేరు ఉంది. అటువంటప్పుడు ఆ ఖాతాలోనే కుటుంబ పెన్షన్ వేయాలని, కొత్త ఖాతా కోసం పట్టుబట్టకూడదని ప్రభుత్వం బ్యాంకులకు స్పష్టంగా చెప్పింది. ఆ కాగితం ముద్రించి మరీ పట్టుకెళ్ళాను. కౌంటరు వెనక ఉన్న యువకుడు దాన్ని చదవకుండానే, "మా సిస్టమ్ తీసుకోదండీ, కొత్త ఖాతా తెరవండి" అన్నాడు. రెండోసారి వెళితే అమ్మ పుట్టిన తేదీ కుదరలేదన్నాడు. పెన్షన్ ఆర్డరులో ఒక తేదీ ఉంది. ఆధార్ ప్రకారం అమ్మ, ఆ తరంలో మరెందరో పెద్దవాళ్ళలాగే, జనవరి 1న పుట్టింది. మూడోసారి మేము ఫ్యాను కింది బెంచీ మీద కూర్చుని ఉండగా, అతను హాలు అటు చివర ఉన్న అధికారికి వినపడేలా, "సార్, ఆ డెత్ కేసు వాళ్ళు మళ్ళీ వచ్చారు" అని కేక వేశాడు. హాలులో ఉన్న పాతికమందీ మా వైపు తిరిగి చూశారు. అమ్మ చీర కొంగు భుజం మీదుగా ముందుకు లాక్కుని, చేతిలోని ప్లాస్టిక్ కవరు ముడి విప్పి మళ్ళీ వేసింది. ఆ ముడి అప్పటికే బాగానే ఉంది.

ఆ రోజు నేను అతన్ని ఏమీ అనలేకపోయాను, అనవలసిన మాటలన్నీ ఆటోలో తోచాయి. విజయవాడలో ఒకప్పటి రైలు పట్టాల స్థానంలో వేసిన బీఆర్టీఎస్ రోడ్డు మీదుగా సత్యనారాయణపురం చేరేదాకా అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చి, "రిజిస్టర్లో మీ నాన్నగారు అలా రాసేవారు కాదు" అని మాత్రం అంది. ఏ రిజిస్టర్లో, ఎలా అని నేను అడగలేదు. ఇవాళ ఆ పెన్సిలు రాత చూశాకే ఆ మాట నాకు అందింది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు నాన్న ఒక చిన్న స్టేషనులో మాస్టరు. రెండు లైన్లు, ఒక వేపచెట్టు, పట్టాలకు ఇరవై గజాల దూరంలో మా క్వార్టరు. రాత్రి డ్యూటీ రోజుల్లో అన్నం క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి, అక్కడే ఆయన బల్ల చివర కూర్చుని లెక్కలు చేసుకునేదాన్ని. పక్క స్టేషను నుంచి గంట మోగేది. నాన్న ఫోనులో లైన్ క్లియర్, అంటే రైలు పంపడానికి అనుమతి, అడిగో, ఇచ్చో, వెంటనే గోడ గడియారం చూసి పెద్ద రిజిస్టరులో గంటలూ నిమిషాలూ రాసేవారు. రైలు రాకపోకలను జ్ఞాపకం మీద తరువాత రాయడమన్నది ఆయన ఎరుగరు. ఒకనాటి రాత్రి నేను లెక్క తప్పుచేసి, సగం విరిచిన బ్లేడుతో సిరాను గీకుతుంటే కాగితం చిల్లుపడింది. ఏడుపు మొహం పెట్టాను. నాన్న కోప్పడలేదు. రిజిస్టరును నా వైపు తిప్పి, ముందురోజు తాను తప్పు రాసిన ఒక నిమిషం చూపించారు. దాని మీద అడ్డంగా ఒకే ఒక గీత ఉంది, గీత కింద పాత అంకె స్పష్టంగా చదవడానికి వీలుగా ఉంది, పైన సరైన అంకె, పక్కన పొట్టి సంతకం. "రేపు ఏదైనా ప్రమాదం జరిగితే ముందుగా ఈ పుస్తకాన్నే పట్టుకుపోతారమ్మలూ. ఇందులో బ్లేడు గాటు కనిపించిందా, ఇక నా మాట ఎవరూ వినరు" అన్నారు. ఆ తరువాత నా నోటుపుస్తకంలో తప్పు లెక్క మీద ఆయనే ఒక గీత గీసి, నా చేత పొడి అక్షరాలు వేయించారు. స్కూల్లో మాస్టారు ఆ సంతకం చూసి నవ్వితే నేను వారంరోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఇంత రాశాక తమ్ముడి మీద కోపం నిలవడం లేదు, అది నాకు నచ్చడమూ లేదు. వాడు రెండు విమానాలు మారి వచ్చేసరికి మూడో రోజు. దహనం అయిపోయింది, బాబాయి నిప్పు పట్టుకున్నారు. పదహారు మాసికాల తిథులు పంతులుగారు కాగితం మీద రాసిస్తే, అక్కడి వేళకు తిథి ముందురోజే వచ్చేస్తోందని వాడు నాకు అర్ధరాత్రి ఫోన్లు చేస్తుంటాడు. ఈ వారం తృతీయ మాసికం కూడా అక్కడి గుడిలోనే పెట్టుకున్నాడు, ఇక్కడ అమ్మ స్వయంపాకం ఇచ్చి ఊరుకుంది. ఆయన రాసిన గోడ వాడికి ఎదురుగా లేదు, వాడికున్నది ఆ పట్టిక ఒక్కటే. అయినా "నాన్న – క్లోజ్" అన్న మాట మారిస్తే బాగుండునని రేపు చెబుతాను. చెప్పలేకపోతే నేనే మారుస్తాను, అది నాకూ తెరుచుకునే ఫైలే కదా.

గోడ విషయంలో కూడా ఉదయం నేను అనుకున్నది వేరు. క్యాలెండరు డిసెంబరుతో అయిపోతుంది, ఈలోగా అన్నీ ఫోనులోకి ఎక్కించేస్తే అమ్మకు అలవాటవుతుందనుకున్నాను. ఇందాక మంచినీళ్ళకు లేచి వంటింట్లోకి వెళితే, క్యాలెండరు నవంబరు దగ్గరే ఉంది, పక్కన దారానికి పెన్సిలు వేలాడుతోంది. చెక్కి ఉంది. నాన్న ఉన్న రోజుల్లో అమ్మ ఏనాడూ పెన్సిలు చెక్కలేదు.

పెన్సిలు అందుకుని "గ్యా. పె." అని రాసిన తరువాత చూసుకుంటే, అర్ధరాత్రి దాటిన మాయలో 21వ తేదీ గడిలో రాశాను. రబ్బరు కోసం ఫ్రిజ్ మీద వెతికాను, దొరికింది కూడా. దాన్ని అక్కడే పెట్టేసి, 21లో రాసిన దాని మీద ఒక గీత గీసి, 20వ గడిలో మళ్ళీ రాసి, పక్కన పొడి అక్షరాలు వేశాను. హాల్లో నాన్న ఫోను నూరు శాతం ఎక్కింది. రేపు పది గంటలకు గ్యాస్ బండి వస్తుంది.