సీసా మూత లేచిన రాత్రి

పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీ ఈటీపీ (వ్యర్థజలాల శుద్ధి ప్లాంటు) ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఉండేది విజయనగరంలో. మా దగ్గరికి వచ్చే వ్యర్థజలాల్లో కొన్ని రకాలు బ్యాక్టీరియాకి అస్సలు కొరుకుడుపడవు. కొన్ని సాల్వెంట్లు, బెంజీన్ వలయాలున్న కొన్ని రసాయనాలు అలాంటివి. వాటిని ముందు ఫెంటన్ ట్యాంకులో విరగ్గొట్టి, ఆ తర్వాతే ఏరేషన్ ట్యాంకుకి, అంటే గాలి ఊదుతూ బ్యాక్టీరియాని పెంచే ట్యాంకుకి, వదలాలి.

ఫెంటన్ అంటే హైడ్రోజన్ పెరాక్సైడ్, అన్నభేది. అవును, పెద్దవాళ్లు కరక్కాయతో కలిపి నల్ల సిరా చేసుకున్న ఆ లేతాకుపచ్చ పలుకులే, ఫెర్రస్ సల్ఫేట్. 1894లో ఫెంటన్ అనే ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త ఈ జోడీ టార్టారిక్ ఆమ్లాన్ని ఎలా మార్చేస్తుందో రాశాడు. మన చింతపండు పులుపంతా ఎక్కువగా ఆ ఆమ్లానిదే. ఇనుము తగిలి పెరాక్సైడ్ విరిగినప్పుడు హైడ్రాక్సిల్ రాడికల్ అనే మహా చురుకైన ముక్క పుడుతుంది. దాని ఆక్సీకరణ శక్తి దాదాపు 2.8 వోల్టులు, క్లోరిన్‌ది 1.36. రెప్పపాటు కూడా బతకదు, కానీ ఆ లోపే పక్కనున్న అణువుని పట్టుకుని చీల్చేస్తుంది. ఇదంతా జరగాలంటే నీళ్ల పీహెచ్ (ఆమ్లత్వం కొలత) 3 దగ్గర ఉండాలి. నా తప్పు అక్కడే జరిగింది.

నేను చేరిన మొదటి ఏడాది, నైట్ షిఫ్ట్. మీటరు 3 చూపిస్తోంది, నేను నమ్మాను. ఫెంటన్ అయ్యాక సున్నం వేసి, తేరిన నీళ్లకి సీఓడీ (నీళ్లలో మురికి ఎంతుందో చెప్పే పరీక్ష) పెడితే తగ్గాల్సినంత తగ్గలేదు. పైవాళ్లకి ఫోన్ చేస్తే పెరాక్సైడ్ పెంచమన్నారు. పెంచాం. శాంపిల్‌ని మళ్లీ రెండు గంటలు 150 డిగ్రీల దగ్గర ఉడికించి టైట్రేట్ చేస్తే, అంకె ఇంకా పెరిగింది! టెన్షన్‌తో చేతులు వణికాయి. ఆ కంగారులో గ్లౌజు లేకుండా 50 శాతం పెరాక్సైడ్ డబ్బా మూత ముట్టుకున్నాను. రెండు వేళ్ల కొసలు సున్నం పూసినట్టు తెల్లబడి, చురుక్కుమన్నాయి.

అప్పుడు ఆపరేటర్ బాబాయ్ శాంపిల్ సీసా పట్టుకొచ్చాడు. "ఏటి బాబూ ఇది, మూత దానంతటదే లెగుస్తంది?"

లోపల గాజు గోడకి సన్నటి బుడగలు, ఆవగింజల్లా వరసగా. ఖర్చు కాని పెరాక్సైడ్ ఆక్సిజన్‌గా విడిపోతోందన్నమాట. పీహెచ్ పేపర్ ముంచితే ఫెంటన్ ట్యాంకులో 5. మీటరు ప్రోబ్‌కి తుప్పురంగు బురద పట్టేసి తప్పు చూపించింది. 5 దగ్గర ఇనుము బురదగా కూర్చుండిపోతుంది, ఇక పెరాక్సైడ్‌ని విరగ్గొట్టేదెవరు? పైగా మిగిలిన పెరాక్సైడ్ సీఓడీ పరీక్షలో డైక్రోమేట్‌ని తినేస్తుంది; ఆ రసాయనం ఎంత ఖర్చైతే అంత మురికి ఉన్నట్టు లెక్క. లీటరులో ఒక్కో మిల్లీగ్రాము పెరాక్సైడ్‌కి దాదాపు 0.47 మిల్లీగ్రాముల దొంగ సీఓడీ కలుస్తుంది. మేం పోసిన కొద్దీ అంకె పెరిగింది అందుకే.

అప్పటికే పెరాక్సైడ్ మిగిలిన ఆ నీరు కొంత ఏరేషన్ ట్యాంకులోకి వెళ్లిపోయింది, అది బ్యాక్టీరియాని చంపేస్తుంది. తెల్లారేసరికి, ముదురు గోధుమరంగులో ఉండాల్సిన ట్యాంకు పాలిపోయి, పైన తెల్లటి నురగ. నెలల తరబడి పెంచుకున్న బ్యాక్టీరియా అది. నాకు ఇంట్లో మనిషికి జబ్బు చేసినంత బాధేసింది. బాబాయ్ వాళ్ల ఊరి నుంచి పేడ తెప్పించాడు. పేడనీళ్లు, బెల్లం, యూరియా, డీఏపీ వేస్తూ మళ్లీ రంగు తిరగడానికి దాదాపు మూడు వారాలు పట్టింది.

ఈ పద్ధతి గురించి గొప్పగా చెప్పేవాళ్లు సున్నం వేశాక దిగే ఇనుప బురద సంగతి చెప్పరు. ఆ బురదనీ ప్రమాదకర వ్యర్థంగానే పంపాలి, దానికీ లెక్క రాయాలి. అయినా, మరిగించి ఆవిరి చేసో, కాల్చో వదిలించుకోవడం కంటే విషాన్ని నీళ్లలోనే విరగ్గొట్టడం నాకు మేలనిపిస్తుంది, జాగ్రత్తగా చేస్తే.

ఇప్పుడు షిఫ్ట్ ఎక్కగానే ప్రోబ్‌ని పలచని ఆమ్లంతో కడుగుతాను. నీళ్లు వదిలేముందు పెరాక్సైడ్ స్ట్రిప్ ముంచాల్సిందే. మిగులుంటే నీలం తిరుగుతుంది. రాత్రిపూట బాబాయే ట్యాంకు దగ్గర్నుంచి ఫోన్ చేస్తాడు: "బాబూ, పేపరు తెల్లగే ఉంది. ఒగ్గేయమంటావా?"