ఎర్ర ఐరన్ ఆక్సైడ్‌తో నీటిరంగులు: దురద ఎక్కడిదో వెతికిన మూడు వారాలు

మొదటి వారం

ఎర్ర ఐరన్ ఆక్సైడ్ పొడిని తుమ్మ బంక నీళ్లతో కలిపి, గాజు పలక మీద నూరి నీటిరంగు చేసుకోవడం మొదలుపెట్టిన నాలుగో రోజున కుడిచేతి వేళ్ల సందుల్లో ఎర్రగా దద్దురు లేచింది. ముక్కులోనూ గరగరగా ఉంది. నేరం రంగు పొడిదే అనుకున్నాను గానీ, దాన్ని పారేసే ముందు సేఫ్టీ డేటా షీట్ (పదార్థం వల్ల కలిగే ప్రమాదాలు, జాగ్రత్తలు రాసి ఉండే పత్రం) చదివాను. అందులోని 2వ విభాగంలో చర్మపు మంటకు సంబంధించిన హెచ్315, కంటి మంటకు సంబంధించిన హెచ్319, శ్వాసనాళాల మంటకు సంబంధించిన హెచ్335 అనే సంకేతాలున్న హెచ్చరికలేవీ లేవు.

అయితే అసలు చదవవలసింది 11వ విభాగం. చర్మ పరీక్ష ఓఈసీడీ (అంతర్జాతీయ సంస్థ) ప్రమాణపు 404 పద్ధతిలో, అంటే తడిపిన 0.5 గ్రాముల పొడిని కుందేలు చర్మంపై 4 గంటలు ఉంచి జరిపారని అక్కడ ఉంది. జంతువులు అవసరం లేని ఓఈసీడీ 439 పద్ధతిలో ప్రయోగశాలలో పెంచిన మానవ చర్మ కణజాలాన్ని వాడతారు. జీవించి ఉన్న కణాలు 50 శాతానికి మించకపోతే ఆ పదార్థాన్ని ఇరిటెంట్‌గా, అంటే చర్మానికి మంట, ఎరుపు కలిగించేదిగా లెక్కిస్తారు. ఆ లెక్క తేలేది, బతికున్న కణాలు ఒక రసాయనాన్ని మార్చడంతో వచ్చే ఊదా రంగు గాఢతను బట్టి కనుక, పరీక్షించే పదార్థమే రంగుదైతే దాని వాటాను విడిగా కొలిచి తీసివేయాలి. శ్వాసనాళాల గడిలో మాత్రం 'సమాచారం లేదు' అని ఉంది. దానికంటూ ప్రత్యేకంగా ధ్రువీకరించిన జంతు పరీక్ష లేదు కాబట్టి, ఆ మాటను 'హాని లేదు' అని చదువుకోకూడదు.

రెండో వారం

10 గ్రాముల పొడిని 90 గ్రాముల స్వేదనజలంలో వేసి బాగా కుదిపి, తేరుకున్నాక పీహెచ్ కాగితం ముంచితే 6కీ 7కీ మధ్య రంగు చూపింది. చర్మాన్ని కాల్చే అనుమానం 2 లోపు, 11.5 పైన మొదలవుతుంది కనుక ఆ దిగులు తీరింది.

ముక్కు సంగతి టార్చి తేల్చింది. గది చీకటి చేసి, పలకకు పక్క నుంచి వెలుగు వేసి, చెంచాడు పొడిని జానెడు ఎత్తు నుంచి వంచాను. మామూలు వెలుతురులో ఏమీ కనిపించని చోట ఎర్రటి పొగలాంటిది లేచి చాలాసేపు తేలింది. అదే పొడిని ముందుగా పోసి ఉంచిన నీళ్లలోకి, చెంచా అంచును నీటికి ఆనించి జారవిడిస్తే దాదాపు ఏమీ లేవలేదు. ఈ రేణువులు రసాయనికంగా కాకపోయినా రాపిడితో కంటినీ ముక్కునూ ఇబ్బంది పెడతాయి. అందుకే తూచేటప్పుడు ఎన్95 మాస్కు, పక్కలు మూసిన కళ్లద్దాలు. తుడవడానికి తడిగుడ్డే, చీపురు కాదు.

మూడో వారం

ముక్కు కుదుటపడినా దద్దురు తగ్గలేదు. ఒకేసారి రెండు మార్చితే ఏది ఫలించిందో తెలియదని చేతి తొడుగులు వేసుకోకుండా, బూజు పట్టకుండా బంకలో కలుపుతున్న లవంగ నూనెను మాత్రమే మానేశాను. అదే పొడి, అదే బంక. ఆరో రోజుకు వేళ్లు మామూలయ్యాయి. లవంగ నూనెలోని యూజెనాల్ కొందరిలో చర్మ అలర్జీ కలిగిస్తుంది. నా విషయం అదేనని గట్టిగా చెప్పాలంటే వైద్యుల వద్ద ప్యాచ్ టెస్ట్ (అనుమానిత పదార్థాన్ని పట్టీతో చర్మానికి అంటించి చూసే అలర్జీ పరీక్ష) చేయించుకోవాలి; పొడినో నూనెనో ఇంట్లో చర్మానికి పూసి చూసుకోవడం నాకు సమ్మతం కాదు, కంటి విషయంలో ఆ ఆలోచనే వద్దు. ప్రస్తుతానికి నూనె లేకుండా కొద్దికొద్దిగా కలిపి ఫ్రిజ్‌లో పెడుతున్నాను.

ఆకుపచ్చ క్రోమియం ఆక్సైడ్ పొట్లం ఇంకా విప్పలేదు. అందులోని త్రిసంయోజక క్రోమియంతో నాకు పేచీ లేదు గానీ, హానికరమైన మరో రూపమైన షట్సంయోజక క్రోమియం మలినంగా ఎంత ఉందో చూపే విశ్లేషణ పత్రం అమ్మకందారు పంపేదాకా అది అలమరలోనే ఉంటుంది.