ఫోను ఇంట్లో, వాచీ చేతికి: ఆగిపోయిన కాల్స్‌ను తిరిగి రప్పించుకున్న నా అనుభవం

ఫోను పక్కన ఉన్నంతసేపూ నా వాచీలో ఏ లోపమూ కనిపించలేదు. ఫోనును విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని ఇంట్లో ఉంచి, వాచీ ఒక్కటే పెట్టుకుని బీచ్ రోడ్డు మీదికి పరుగుకు వెళ్ళినప్పుడు మాత్రం దానికి కాల్స్ రావడం ఆగిపోయింది. సెల్యులార్ ఉన్న, అంటే ఫోను పక్కన లేకపోయినా నేరుగా మొబైల్ టవర్‌ను అందుకోగల ఆపిల్ వాచ్ సిరీస్ 8ను నేను కొనుక్కోవడానికి కారణమే ఆ ఉదయపు పరుగు. మా నాన్నగారికి గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి, ఆయన ఏ నిమిషంలో పిలిచినా పలికేలా ఉండాలన్నది నేను పెట్టుకున్న నియమం. చేతిలో ఫోను పట్టుకుని పరుగెత్తడం కష్టం కనుక ఆ బాధ్యతను వాచీకి అప్పగించాను. అందుచేత ఆ కాల్స్ ఆగిపోవడం నాకు చిన్న ఇబ్బందిగా తోచలేదు.

నేను ఇంటికి తిరిగి వచ్చేసరికి ఫోనులో నాన్నగారి మిస్డ్ కాల్ ఉంది. ఆయన క్షేమంగానే ఉన్నారు, పాలు తెమ్మని చెప్పడానికి చేశారట. వాచీ మీద మాత్రం ఆ కాల్ మోగనే లేదు. దారిలో వాతావరణ సమాచారం తాజాగా కనిపించింది, మ్యాప్ తెరుచుకుంది, ఇంటర్నెట్ మీదుగా ఒక మెసేజ్ కూడా వచ్చింది. ఈ తేడాయే నాకు మొదటి ఆధారమైంది. సిగ్నలే అందకపోతే ఇవేవీ రాకూడదు. ఇంటర్నెట్ పనిచేస్తూ కాల్ ఒక్కటే రాలేదంటే, చిక్కు టవర్‌కూ వాచీకీ మధ్య కంటే, నా నంబరుకు వచ్చే కాల్‌ను వాచీకి చేర్చే ఏర్పాటులోనే ఉండే అవకాశం ఎక్కువ. అయినా ఊహ మీద ఆధారపడకుండా ఒక్కొక్క పొరనూ విడిగా పరీక్షించాలని నిశ్చయించుకున్నాను.

ఇక్కడ వాచీ పనిచేసే తీరు కొంత చెప్పాలి. ఫోను దగ్గర్లో ఉంటే వాచీ బ్లూటూత్ ద్వారా ఫోను మీదే ఆధారపడుతుంది. ఫోను అందకపోతే తనకు తెలిసిన వైఫై కోసం చూస్తుంది. రెండూ లేనప్పుడే సొంత ఈ-సిమ్‌తో, అంటే లోపలే అమర్చి ఉన్న సిమ్‌తో, టవర్‌ను అందుకుంటుంది. బ్యాటరీని కాపాడడానికే ఈ వరుస. నా వాచీకి తయారీదారు చెప్పిన 18 గంటల లెక్కలో సెల్యులార్ మీద గడిపేవి 4 గంటలు మాత్రమేనని గుర్తుంచుకుంటే, అది టవర్‌ను చివరి దారిగా ఎందుకు ఉంచుకుంటుందో అర్థమవుతుంది. కాబట్టి ఇంట్లో కూర్చుని "కాల్ వస్తోంది కదా" అనుకుంటే అది సెల్యులార్‌కు పరీక్ష కానే కాదు, ఆ కాల్‌ను మోస్తున్నది పక్కనున్న ఫోనే.

ఇంట్లోనే సరైన పరీక్ష చేయాలంటే ఫోనులో బ్లూటూత్‌ను ఆపాలి. ఐఫోన్ తెర పైనుంచి కిందికి లాగే కంట్రోల్ సెంటర్‌లో బ్లూటూత్ గుర్తును నొక్కితే ఇతర పరికరాలు విడిపోతాయి గానీ ఆపిల్ వాచ్ మాత్రం కలిసే ఉంటుంది. సెట్టింగ్స్ లోపలికి వెళ్ళి అక్కడ ఆపితేనే నిజంగా ఆగుతుంది. ఈ ఒక్క విషయం తెలియక ఎందరో తమ వాచీ బాగానే ఉందనో, పాడైందనో పొరపడే వీలుంది కనుక దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను. ఆ తర్వాత వాచీ పక్కనున్న బటన్‌ను నొక్కి కంట్రోల్ సెంటర్ తెరిచి, అందులో వైఫైని కూడా ఆపాను. అప్పుడు సెల్యులార్ గుర్తు ఆకుపచ్చగా మారింది. ఆ గుర్తు తెల్లగా ఉంటే ప్లాన్ ఉన్నా వాచీ మరో దారిలో కలిసి ఉందని, ఆకుపచ్చగా ఉంటే టవర్‌తోనే మాట్లాడుతోందని అర్థం. సిగ్నల్ బలం కూడా అక్కడే కనిపిస్తుంది, అదీ బాగానే ఉంది.

మా చెల్లి చేత నా నంబరుకు ఫోన్ చేయించాను. టేబుల్ మీది ఫోను మోగింది, వాచీ మోగలేదు. వాచీ నుంచి చెల్లికి చేస్తే కాల్ కలవకుండానే తెగిపోయింది. పక్కింటి గోడ దాకా కూడా పోకుండానే రోగం బయటపడింది.

సులువైన కారణాలను తర్వాత వరుసగా పక్కన పెట్టాను. లో పవర్ మోడ్ ఆన్‌లో ఉంటే, ఫోను దగ్గర లేనప్పుడు వాచీ వైఫైనీ సెల్యులార్‌నూ ఆపేస్తుంది. అది ఆఫ్‌లోనే ఉంది. డు నాట్ డిస్టర్బ్ లేదు. ఎయిర్‌ప్లేన్ మోడ్‌ను ఆన్ చేసి ఆఫ్ చేశాను, వాచీని రీస్టార్ట్ చేశాను, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు పూర్తయ్యే ఉన్నాయి. ఫలితం మారలేదు.

ముందు రోజు సాయంత్రం జరిగినది అప్పుడు ఆలోచనలోకి వచ్చింది. నా ఫోనులోని పాత సిమ్ తరచూ పనిచేయడం మానేస్తుంటే, మా టెలికాం సంస్థ దుకాణంలో అదే నంబరుకు కొత్త సిమ్ తీసుకున్నాను. వాచీకి సొంత ఈ-సిమ్ ఉన్నా, లోకానికి కనిపించే నంబరు ఫోనుదే. ఆ రెండింటినీ కలిపే ముడి సంస్థ కంప్యూటర్లలో ఉంటుంది. ఒకవైపు సిమ్ మారినప్పుడు ఆ ముడి ఊడిపోయి ఉంటుందని నాకు గట్టిగా అనిపించింది.

కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే అవతలి ఉద్యోగి ఎంతో మర్యాదగా మాట్లాడారు. "మేడమ్, మీ వాచీ మీద ప్లాన్ యాక్టివ్‌గానే చూపిస్తోంది. ఒకసారి వాచీని ఫోను నుంచి అన్‌పెయిర్ చేసి మళ్ళీ పెయిర్ చేయండి" అన్నారు. ఈ సలహాను నేను వెంటనే పాటించలేదు. అన్‌పెయిర్ చేస్తే వాచీలో ఉన్నదంతా చెరిగిపోయి బ్యాకప్ నుంచి మళ్ళీ నింపుకోవాలి. పైగా ఇంటర్నెట్ సజావుగా అందుతున్న వాచీని మొత్తంగా చెరిపేయడంలో ఔచిత్యం నాకు కనిపించలేదు. ప్లాన్‌ను మాత్రం తీసివేసి తిరిగి చేర్చడం అంతకంటే చిన్న పని. ఫోనులోని వాచ్ యాప్‌లో సెల్యులార్ విభాగంలోకి వెళ్ళి ఆ పని మొదలుపెట్టాను. దానికి ముందు జనరల్ విభాగంలోని అబౌట్‌లో కనిపించే 32 అంకెల ఈఐడీని (వాచీలోని ఈ-సిమ్ గుర్తింపు సంఖ్య), 15 అంకెల ఐఎంఈఐని (వాచీ గుర్తింపు సంఖ్య) కాగితం మీద రాసుకున్నాను. ఆ కాగితమే నన్ను తర్వాత ఆదుకుంది.

ప్లాన్ తీసివేయడం నిమిషంలో అయిపోయింది. తిరిగి చేర్చబోతే సంస్థ పేజీ ఓటీపీ అడిగింది, ఆ ఓటీపీ ఎంతసేపు చూసినా రాలేదు. కారణం సిమ్ మార్పిడే. దొంగతనంగా సిమ్ మార్పించుకుని బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసాలను అడ్డుకోవడానికి, కొత్త సిమ్ ఇచ్చిన తర్వాత 24 గంటలపాటు ఆ నంబరుకు ఎస్సెమ్మెస్‌లు రాకుండా, పోకుండా ఆపాలని టెలికాం శాఖ 2022లో ఆదేశించింది. ఈ నిబంధన అవసరమైనదేనని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. అయితే సిమ్ ఇచ్చేటప్పుడు ఆ మాటను వినియోగదారునికి ఎదురుగా చెప్పడం కూడా అంతే అవసరం, ముఖ్యంగా వాచీ ఉన్నవారికి. వాచీ బాగుపడేవరకు ఫోనును నడుముకు కట్టుకునే పరుగెత్తాను.

గడువు దాటాక ఓటీపీ వచ్చింది. అయినా పని పూర్తి కాలేదు, ఈ నంబరుకు ఇప్పటికే ఒక వాచీ జతపడి ఉందన్న సందేశం కనిపించింది. నేను నా వైపు ప్లాన్‌ను తీసివేసినా, సంస్థ రికార్డులో పాత జత అలాగే నిలిచి ఉందన్నమాట. ఇది యాప్‌లో ఎన్నిసార్లు నొక్కినా తీరే వ్యవహారం కాదు కనుక ద్వారకానగర్ వైపు ఉన్న దుకాణానికి వెళ్ళాను.

అక్కడ నేను "వాచీ పనిచేయడం లేదు" అని మొదలుపెట్టలేదు. ఫలానా రోజు సిమ్ మారిందనీ, ఆ మర్నాటి నుంచి వాచీలో ఇంటర్నెట్ వస్తూ కాల్స్ మాత్రం రాలేదనీ, ప్లాన్ తిరిగి చేర్చబోతే ఈ సందేశం వస్తోందనీ క్రమంగా చెప్పి, ఈఐడీ రాసిన కాగితం ముందుంచాను. కౌంటర్‌లో ఉన్న యువకుడు కాసేపు తెర మీద వెతికి, "అమ్మా, మీ వాచీ ఇంకా పాత సిమ్‌కే కట్టి ఉంది, అందుకే కాల్ ఇటు రావడం లేదు" అన్నాడు. ఈఐడీలోని అంకెలను నాతో పాటు చదివి సరిచూసుకుని, పాత జతను తొలగించమని పై విభాగానికి అభ్యర్థన పంపాడు. అది తొలగిపోయినట్టు తెలిశాక, వాచ్ యాప్‌లో సెటప్ సెల్యులార్ నొక్కి, ఓటీపీ ఇచ్చి, ప్లాన్‌ను కొత్తగా చేర్చాను. కొద్దిసేపటికి వాచీకి కొత్త ప్రొఫైల్, అంటే దాని ఈ-సిమ్‌కు కావలసిన సమాచారం, దిగింది. బ్లూటూత్, వైఫై ఆపి మళ్ళీ చెల్లి చేత చేయిస్తే ఫోనూ వాచీ కలిసి మోగాయి. ఆ మోతకు నాకు కలిగిన ఊరట మాటల్లో పెట్టలేను.

మర్నాడు బీచ్ రోడ్డు మీద, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం దగ్గర నుంచి నాన్నగారికి నేనే ఫోన్ చేశాను. మాట స్పష్టంగా వినిపించింది. అప్పుఘర్ దాటి తెన్నేటి పార్కు వైపు, కైలాసగిరి కొండ రోడ్డును ఆనుకుని ఉన్న చోట మాత్రం సిగ్నల్ సన్నగిల్లి, మాట తెగుతూ వచ్చింది. దీన్ని ఆ పాత లోపంతో కలపకూడదు. వాచీలో యాంటెన్నా చిన్నది, పైగా ఈ వాచీకి 2జీ లేదు. 4జీ బలహీనపడిన చోట మామూలు ఫోను 2జీకి దిగి కాల్‌ను నిలబెట్టుకోగలిగినా వాచీకి ఆ వెసులుబాటు ఉండదు. 3జీని మన ప్రైవేటు సంస్థలు చాలావరకు ఎత్తివేశాయి. అందువల్ల కొండ మెట్లెక్కే రోజుల్లో ఫోనునూ వెంట తీసుకువెళుతున్నాను, మిగతా రోజుల్లో అప్పుఘర్ దగ్గరే వెనక్కి తిరుగుతున్నాను.