దర్శకుడు వదులుకున్నవి

నాటక రచయిత, దర్శకుడు హబీబ్ తన్వీర్ నాటకాల్లోని పాత్రలన్నిటిలోకీ నాకు ఎక్కువ ఇష్టమైనవాడు ‘ఆగ్రా బజార్’లోని దోసకాయలవాడు. సరుకు అమ్ముడుపోక, తన దోసకాయల మీద ఎవరైనా నాలుగు పాదాలు కట్టి ఇస్తే పాడుకుంటూ అమ్ముకోవచ్చునని అతడు కవుల వెంట పడతాడు. చివరికి ఆగ్రాకు చెందిన ఉర్దూ కవి నజీర్ అక్బరాబాదీ పద్యం దొరుకుతుంది, బేరం సాగుతుంది. నాటకమంతా నజీర్ చుట్టూ తిరిగినా ఆ కవి మాత్రం ఒక్కసారి కూడా రంగం మీదికి రాడు. ఆయన కవిత్వం బజారు మనుషుల నోటనే వినిపిస్తుంది. 1954లో ఢిల్లీలో జామియా మిలియా విద్యార్థులతోనూ, ఓఖ్లా గ్రామస్థులతోనూ దీన్ని ఆడించేనాటికి తన్వీర్‌కు ముప్పై ఏళ్ళు నిండి ఎంతో కాలం కాలేదు.

1923లో రాయపూర్‌లో పుట్టిన హబీబ్ అహ్మద్ ఖాన్‌కు ‘తన్వీర్’ కలంపేరు. బొంబాయిలో రేడియోలోనూ, వామపక్ష నాటక సంఘమైన ఇప్టాలోనూ పనిచేసి, 1955లో ఇంగ్లండు వెళ్ళి లండన్‌లోని రాడా నాటక పాఠశాలలో నటన, బ్రిస్టల్ ఓల్డ్ విక్ పాఠశాలలో దర్శకత్వం నేర్చుకున్నాడు. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్‌ను కలుసుకోవాలని బెర్లిన్ చేరేసరికి ఆయన కన్నుమూసి ఎన్నో రోజులు కాలేదు. అయినా నెలల తరబడి అక్కడే ఉండి బ్రెహ్ట్ నాటకాలెన్నో చూశాడు.

తిరిగివచ్చి 1958లో ‘మృచ్ఛకటికం’ను ‘మిట్టీ కీ గాడీ’గా ప్రదర్శించినప్పుడు, ఛత్తీస్‌గఢ్ జానపద నాటకం నాచా ఆడే కళాకారులు ఆరుగురిని ఢిల్లీకి రప్పించాడు. మరుసటి ఏడాది రంగస్థల దర్శకురాలు మోనికా మిశ్రాతో కలిసి నయా థియేటర్ అనే నాటక బృందాన్ని స్థాపించాడు. ఆయన జీవితంలో అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుందని నేననుకుంటాను. పల్లెలో రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టగలిగిన ఈ నటులు, ఎవరు ఏ మాట దగ్గర ఎటు నడవాలో ముందే గీసిపెట్టే ఇంగ్లండు పద్ధతిలోకి వచ్చేసరికి కొయ్యబారిపోయేవారు. వారిలో చాలామందికి చదువు రాదు. ఠాకుర్ రామ్ వంటి మహానటుడికి కుడి ఎడమల తేడా కూడా పట్టుబడేది కాదట. నాచాలో నటుడు ఎటువైపు ప్రేక్షకులు స్పందిస్తే అటు తిరుగుతాడు. అలాంటివాడిని గీతల మధ్య నిలబెట్టి, పైగా తనది కాని హిందీలో మాట్లాడించడం రెండు విధాలా తప్పేనని తన్వీరే తరువాత ఒప్పుకున్నాడు. వీధి భాగవతం చూస్తూ పెరిగిన మనబోటివాళ్ళకు ఇది కొత్త సంగతి కాకపోవచ్చు కానీ, పరదేశం వెళ్ళి కష్టపడి సంపాదించుకున్న విద్యను పక్కన పెట్టడానికి ఎవరికైనా కాలం పడుతుంది. ఆయనకు దాదాపు పదిహేనేళ్ళు పట్టింది.

1973లో రాయపూర్‌లో జరిపిన శిక్షణ శిబిరంలో మూడు నాచా ప్రహసనాలను కలిపి, నటులను వారి ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడనిచ్చి, వారి ఇష్టానుసారం కదలనిచ్చి తయారుచేసిన ‘గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్’తో దారి దొరికింది. రెండేళ్ళకు ‘చరణ్‌దాస్ చోర్’ వచ్చింది.

నటులు అప్పటికప్పుడు అల్లుకున్న మాటలే నాటకమైతే ఇక తన్వీర్ రచయిత ఎలా అయ్యాడని కొందరు అడుగుతారు. నా సమాధానం ‘చరణ్‌దాస్ చోర్’ ముగింపు. దానికి మూలం రాజస్థానీ రచయిత విజయ్‌దాన్ దేథా రాసిన కథ. విజయ్‌దాన్ దేథా కథలో దొంగ గురువు దగ్గర వేళాకోళంగా నాలుగు ప్రతిజ్ఞలు చేస్తాడు: బంగారు పళ్ళెంలో తినను, ఏనుగుపై ఊరేగను, రాణిని పెళ్ళాడను, రాజ్యం ఏలను. అబద్ధమాడకూడదన్న అయిదోదాన్ని గురువు జోడిస్తాడు. నాలుగు అవకాశాలూ నిజంగానే ఎదురవుతాయి. పెళ్ళికి ఒప్పుకోని దొంగను కనీసం ఆ సంగతైనా బయటపెట్టవద్దని రాణి వేడుకుంటే, అబద్ధమాడలేనని అదీ కాదంటాడు, ప్రాణం పోగొట్టుకుంటాడు. దేథా అక్కడ ఆగక, రాణి ఆ గురువునే పెళ్ళాడినట్లు రాసి వ్యంగ్యంగా ముగించాడు. తన్వీర్ ఆ భాగాన్ని తీసేసి, దొంగ చావు దగ్గరే కథను ఆపి, చచ్చిన దొంగకు జనం చేత పూజ చేయించి, వెనుక సత్యమే దైవమని నమ్మే సత్‌నామీల పంథీ అనే భక్తి పాట వినిపించాడు. ఎక్కడ ఆపాలో తేల్చినది మాత్రం రచయితే.

1982లో ఈ నాటకానికి ఎడిన్‌బరోలో ఫ్రింజ్ నాటకోత్సవంలో ఇచ్చే ఫ్రింజ్ ఫస్ట్ పురస్కారం వచ్చింది. అక్కడ ఆడినది కూడా ఛత్తీస్‌గఢీలోనే.