కప్పు మీద 45 గీత

నా డ్రగ్ టెస్ట్ నెగెటివ్ అని ఈ ఉదయమే ఫోన్ వచ్చింది. సోమవారం నుంచి స్కూల్ బస్సు నడుపుతాను. గురువారం ఆ క్లినిక్‌లో పడ్డ అవమానం మాత్రం ఇంకా మండుతూనే ఉంది.

మేముండేది టెక్సస్‌లో. ఇక్కడ స్కూల్ బస్సుకి సీడీఎల్ (కమర్షియల్ డ్రైవర్ లైసెన్సు), చేరేముందు మూత్రంతో చేసే డ్రగ్ టెస్ట్ తప్పనిసరి. రాతపరీక్ష, డ్రైవింగ్ టెస్ట్ మొదటిసారే పాసయ్యాను. సీడీఎల్ డ్రైవర్ల డ్రగ్ టెస్ట్ ఉల్లంఘనలు నమోదయ్యే ప్రభుత్వ డేటాబేస్ క్లియరింగ్‌హౌస్‌. అందులో నా రికార్డు చూసుకోమని అనుమతి ఇవ్వడం పది నిమిషాల పని. గసగసాలు తింటే టెస్ట్‌లో మార్ఫిన్ అనే మత్తుమందు కనబడుతుందేమోనని వారం ముందే కూరల్లో అవి మానేశాను. ఈ టెస్ట్‌కి వెళ్ళేవాళ్ళుంటే మీరూ మానేయండి.

క్లినిక్‌లో బ్యాగు, స్వెట్టర్ బయట పెట్టించి చేతులు కడిగించారు. కమోడ్‌లో నీళ్ళు నీలంగా ఉన్నాయి. ఫ్లష్ చేయకూడదట. తలుపు అవతల టెస్ట్ తీసుకునే మగమనిషి నిలబడి ఉన్నాడని తెలిసి నాకు బిగుసుకుపోయింది. "నీళ్ళు ఎక్కువ తాగకు, పల్చబడితే అనుమానిస్తారు" అన్న ట్రైనర్ మాట విని గొంతు కూడా తడుపుకోకుండా వెళ్ళాను. ఆవిడ సలహా ఎవరూ వినకండి. కప్పులో 45 మిల్లీలీటర్ల గీతకి సగం కూడా రాలేదు. ఆయన అది పారబోసి, "సరిపోలేదు" అని హాల్లో అందరికీ వినబడేలా అరిచాడు. తలెత్తలేకపోయాను.

"రేపు రానా?" అని అడిగితే "మీ ఇష్టం" అన్నాడు! బ్యాగు తీసుకుంటుంటే పక్కనున్న పంజాబీ ట్రక్ డ్రైవర్, పెద్దాయన, హిందీలో "బేటీ, తలుపు దాటకు" అన్నాడు. టెస్ట్ మొదలయ్యాక వెళ్ళిపోతే నిరాకరించినట్టే, అంటే పాజిటివ్‌తో సమానం. ఆ మచ్చ క్లియరింగ్‌హౌస్‌లో కనీసం ఐదేళ్ళు ఉంటుంది. సరిపోకపోతే మళ్ళీ ఇవ్వడానికి మూడు గంటల గడువు, 40 ఔన్సుల దాకా నీళ్ళు ఇస్తారన్న సంగతి ఆ పెద్దాయనే చెప్పాడు. చెప్పాల్సిన మనిషి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

పిల్లల ప్రాణాలు చేతిలో పెట్టే ఉద్యోగం, టెస్ట్ ఉండాల్సిందే. దానికి ఆడమనిషిని నలుగురిలో సిగ్గుపడేలా చేయక్కర్లేదు.

కొద్దికొద్దిగా తాగుతూ రెండు గంటల పది నిమిషాలకి గీత దాటించాను. కప్పు మీది పట్టీలో వేడి చూసి, రెండు సీసాల్లో పోసి, సీలు వేసి నా చేత పొడి అక్షరాలు పెట్టించాడు. క్షమాపణ లేదు.

బయటికొచ్చి ఆ పెద్దాయనకి దండం పెడదామని చూశాను. అప్పటికే ఆయన్ని లోపలికి పిలిచారు.