మొక్కజొన్న గింజ, మూడు పాళ్ళు

మా ప్లాంటు ఇంకా మూడు మైళ్ళ దూరంలో ఉండగానే వాసన తగులుతుంది. రాత్రి రుబ్బి ఉంచిన పిండి గిన్నె మూత పొద్దున్నే ఎత్తితే వచ్చే పులిసిన వాసన, దానికి తోడు వేయించిన పేలాల వాసన. ఐయోవా రాష్ట్రంలో, రెండు వేల జనాభా కూడా లేని ఊరి పక్కన, ఎటు చూసినా మొక్కజొన్న, సోయా చేలు తప్ప మరేమీ కనపడని చోట ఎనిమిదేళ్ళుగా ఆ వాసనలోనే పని చేస్తున్నాను. ఇథనాల్ ప్లాంటు ల్యాబులో నా ఉద్యోగం. అమెరికా అంటే సాఫ్ట్‌వేరే అనుకునే మా చుట్టాలకు నా పని ఏమిటో చెప్పడం ఇప్పటికీ కష్టమే. నాన్నకి మాత్రం ఒక్క మాటతో అర్థమైంది. "మొక్కజొన్న పిండి పులియబెట్టి, కాచి, పెట్రోల్లో కలిపే స్పిరిట్ తీస్తాం నాన్నా" అన్నాను. "అయితే గింజ మంచిదో కాదో తేల్చేది నువ్వేనన్నమాట" అన్నారు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. వరి కోశాక పొలం దున్నకుండా ఆ మోళ్ళ మధ్యనే మొక్కజొన్న గింజ పెట్టడం మా వైపు అలవాటు. స్కూలు రోజుల్లో సెలవొస్తే నేనూ వంగి గింజలు పెట్టినదాన్నే. అందుకే ఇక్కడ తేమ మీటర్లు, కంప్యూటర్లు ఎన్ని ఉన్నా, గింజ చేతిలోకి తీసుకోగానే ముందు నాకు మా పొలమే గుర్తొస్తుంది.

రోజుకు 50 లారీల దాకా వస్తాయి. ఒక్కో లారీలో సుమారు 950 బుషెళ్ళు. బుషెల్ అంటే 25 కిలోల పైచిలుకు. లారీ కాటా మీద ఆగగానే పొడవాటి గొట్టం పైనుంచి దిగి, నాలుగైదు చోట్ల గుచ్చి గింజలు పీల్చుకుంటుంది. తేమ 15 శాతం దాటితే ధర కోస్తారు. తర్వాత బూజు పరీక్ష. వానలు ముఖం చాటేసిన ఏడాది గింజలో అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. వేరుశనగ పండించే అనంతపురం రైతులకు బాగా తెలిసిన శత్రువే ఇది. నల్ల లైటు (అతినీలలోహిత కిరణాల దీపం) కింద పగలగొట్టిన గింజలు పరిస్తే, అనుమానం ఉన్నచోట ఆకుపచ్చ పసుపు కలిసిన మెరుపు కనిపిస్తుంది. ఆ విషం స్పిరిట్‌లోకి రాదు, పిప్పిలో మిగిలిపోతుంది. గింజలో పిండి పదార్థమంతా పోయాక మిగిలేది మూడో వంతే కాబట్టి, అది అక్కడ మూడింతలు చిక్కబడుతుంది. ఆ పిప్పి తినేది ఆవులు. అందుకే ఈ పరీక్ష దగ్గర తొందరపడమంటే నేను ఒప్పుకోను.

బయటివాళ్ళకు తెలియని సంగతి ఇక్కడే ఉంది. మొక్కజొన్నంతా ఇంజన్లో తగలబడిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి గింజ మూడు పాళ్ళవుతుంది. ఒక పాలు ఇంధనం, ఒక పాలు పశువుల దాణా, ఒక పాలు గ్యాసు. ఒక బుషెల్‌కు దాదాపు 2.9 గ్యాలన్ల ఇథనాల్, 7 కిలోలకు పైగా దాణా, ఇంచుమించు అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. గింజలోని నూనెను కూడా వేరుచేసి బయోడీజిల్ వాళ్ళకు అమ్ముతాం. అమెరికాలో పండే మొక్కజొన్నలో మూడో వంతుకు పైగా ఇథనాల్ ప్లాంట్లకే వస్తుంది. తిండిని కాలుస్తున్నారన్న మాటను నేను కొట్టిపారేయను. 2012 కరువులో ధరలు ఎక్కడికి పోయాయో అందరూ చూశారు. కానీ ఆ లెక్క వేసేటప్పుడు దాణాగా తిరిగి వెళ్ళే పాలును మరచిపోవద్దని అంటాను.

నా అసలు పని పులియబెట్టే ట్యాంకుల దగ్గర. పిండిని వేడి నీళ్ళలో కలిపి, ఎంజైములు వేసి, చక్కెరగా మార్చి, 32 డిగ్రీలకు చల్లార్చి ఈస్ట్ కలుపుతాం. రెండున్నర రోజుల్లో అది 14 శాతం ఆల్కహాల్ ఉన్న పులుసవుతుంది. ఈస్ట్ తినాల్సిన చక్కెరను మధ్యలో ఇంకొకరు తినకుండా కాపలా కాయడమే నా ఉద్యోగం. ఆ ఇంకొకరు ఎవరో కాదు, మన ఇంట్లో పెరుగు తోడుకునేలా చేసే బ్యాక్టీరియా బంధువులే. ఒక జనవరి రాత్రి, బయట మైనస్ 25 డిగ్రీల చలి. మూడో ట్యాంకు శాంపిల్ యంత్రంలో పెట్టాను. ఆ బ్యాక్టీరియా వదిలే లాక్టిక్ ఆసిడ్ గీత ఉండాల్సిన దానికి రెండింతలు లేచింది. పైపు దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాను. పులిసిన పిండి వాసన కాదు, పాతబడిన మజ్జిగ వాసన. నాలుగు గంటలు వెతికితే, పిండిని చల్లార్చే పైపులో శుభ్రం చేసే నీళ్ళు అందని ఒక మూల దొరికింది. తెల్లవారుజామున ఇంటికి వెళ్ళి అన్నంలో పెరుగు కలుపుకుంటుంటే చేయి ఒక్క క్షణం ఆగింది.

2020 ఏప్రిల్ మాత్రం మరచిపోలేను. కరోనాతో కార్లన్నీ ఇళ్ళ ముందే ఆగిపోయాయి. పెట్రోల్ అమ్మకం లేకపోతే ఇథనాల్ ఎవరికి కావాలి? దేశం మొత్తం మీద ఇథనాల్ ఉత్పత్తి సగానికి పడిపోయింది. మా ప్లాంటు కూడా ఆగింది. నాది హెచ్‌వన్‌బీ వీసా. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో దారి చూసుకోవాలి. ఆ టెన్షన్‌లో నిద్ర పట్టేది కాదు. కానీ ఊళ్ళో నాకంటే ఎక్కువ కంగారు పడ్డది ఆవుల రైతులు. తడి పిప్పి రాకపోతే మేత ఎక్కడ తేవాలి? కూల్‌డ్రింకులకు, మాంసం ప్యాకింగుకు ఇథనాల్ ప్లాంట్ల నుంచి వెళ్ళే గ్యాసు దొరక్క ఆ పరిశ్రమలూ ఇబ్బంది పడ్డాయి. ప్లాంటు నడిచినప్పటి కంటే ఆగినప్పుడే, అది ఎంతమందిని కట్టి ఉంచిందో కనిపించింది. కొన్ని వారాలు శానిటైజర్ పరీక్షలు చేస్తూ ఉద్యోగం నిలబెట్టుకున్నాను.

ఇక్కడ అన్నీ బాగున్నాయని చెప్పను. గింజతో కాకుండా చొప్పతో ఇంధనం తీస్తామని ఎంతో ఆశ పెట్టుకున్నారు. 2007 నాటి అమెరికా ఇంధన చట్టంలో దానికి పెద్ద లక్ష్యాలే రాశారు. ఎమ్మెట్స్‌బర్గ్‌లో 2014లో ఒక ప్లాంటు, నెవాడా అనే ఊళ్ళో 2015లో ఇంకోటి మొదలయ్యాయి. రెండూ ఇదే రాష్ట్రంలో. మొదటిది 2019లో ఆగింది, రెండోది రెండేళ్ళకే చేతులెత్తేసింది. చొప్ప కట్టలతో పాటు మట్టి, రాళ్ళు రావడం, అంత చొప్ప పోగు చేసి నిల్వ ఉంచడం, ఇవి ల్యాబులో కనపడని కష్టాలు. ఇంకోటి నీళ్ళు. ఏటేటా మొక్కజొన్నకు వేసే నత్రజని వానకు కొట్టుకుపోయి నదుల్లో చేరుతుంది. 2025 జూన్‌లో మా రాష్ట్ర రాజధాని డిమాయిన్ చుట్టుపక్కల నైట్రేట్లు పెరిగి, పచ్చికకు నీళ్ళు పెట్టవద్దని ఆంక్ష పెట్టారు. పంటతో తీసిన ఇంధనం మంచిదే, కానీ ఆ పంట ఎలా పండిందన్నది కూడా దాని లెక్కలోకే రావాలి.

2023 అక్టోబరులో అమ్మానాన్నా వచ్చారు. కోతల సమయం. మా ప్లాంటుకు మొదటి నుంచి గింజ తోలే ఒక పెద్దాయన పొలానికి నాన్నను తీసుకెళ్ళాను. హార్వెస్టర్ నుంచి పడుతున్న గింజల్లో గుప్పెడు తీసుకుని నాన్న ఒకటి పంటి కింద వేసి కొరికారు. "పద్నాలుగు ఉంటుంది" అన్నారు. పెద్దాయన జేబులోంచి మీటరు తీసి చూపించాడు: 14.6. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. నేను మధ్యలో అటూ ఇటూ మాటలు చేరవేశాను.

నాన్న అడిగింది ఒకటే. "ఫ్యాక్టరీ ఎవరిదట?" పెద్దాయన తన గుండె మీద చెయ్యి పెట్టి చూపించాడు. 2000 ప్రాంతంలో బుషెల్‌కు రెండు డాలర్లు కూడా రాని రోజుల్లో ఈ చుట్టుపక్కల రైతులు తలా కొంత వేసుకుని కట్టుకున్న ప్లాంటు ఇది. గింజ ధర పడిపోయిన ఏడాది పొలం మీద పోయింది ప్లాంటు లాభంలో కొంత వస్తుంది. ధర పెరిగిన ఏడాది ప్లాంటుకు నష్టమొచ్చినా చేను నిలబెడుతుంది. నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఏడాది మద్దతు ధర క్వింటాకు 2,090 రూపాయలని పేపర్లో ఉన్నా, కల్లంలోకి లారీ తెచ్చినవాడు చెప్పిందే ధరగా అమ్ముకున్న మనిషి ఆయన. ఆయన చేసే పొలంలో సగం కౌలుదే. ఆ రాత్రి కాగితం, పెన్ను అడిగి, క్వింటాకు లెక్క రాయించుకున్నారు. ఇథనాల్ సుమారు 43 లీటర్లు, దాణా 30 కిలోలు.

మన దగ్గరా ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. ఆ ఇథనాల్‌కు అన్నిటికంటే ఎక్కువగా వాడుతున్నది మొక్కజొన్ననే. మరోవైపు నారాయణపేట జిల్లా చిత్తనూరులో, నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో ఇథనాల్ ఫ్యాక్టరీలు వద్దని జనం రోడ్డెక్కారు. 2024 నవంబరులో దిలావర్‌పూర్ ఆడవాళ్ళు రోడ్డు మీద కూర్చున్న వీడియోలు చూసి నాకు కోపం రాలేదు. తమకు వాటా లేని ఫ్యాక్టరీ, నీళ్ళు ఎన్ని తోడుతుందో, మురుగు ఎటు వదులుతుందో ముందే చెప్పకుండా ఊరి పక్కకు వస్తే మా పెద్దాయనైనా ట్రాక్టరు అడ్డం పెట్టేవాడు.

మొన్న సంక్రాంతికి నాన్న ఆ కాగితాన్ని పాలకేంద్రం దగ్గర పదిమందికి చూపించారట. "లాభం సంగతి తర్వాత అడుగుతారంటమ్మా. నీళ్ళు ఎన్ని కావాలి, కంపు ఎంత దూరం కొడుతుంది, ముందు ఈ రెండూ చెప్పమంటున్నారు. ఉన్నదున్నట్టు రాయి" అన్నారు ఫోన్లో.

ఉన్నదున్నట్టే రాసి వాట్సాప్‌లో పంపాను. మా ప్లాంటులో లీటరు ఇథనాల్‌కు మూడు లీటర్ల దాకా నీళ్ళు. వాసన, గాలి మన వైపు ఉంటే, ఐదు కిలోమీటర్లు.