ఆషాఢంలో హనీమూన్, సముద్రం దాటి మీడ్

హోలీ ఐలాండ్ అనే దీవికి వెళ్లే ప్లాన్ మా మరిదిది, అదీ మీడ్ అనే తేనె మద్యం కోసం. పెళ్లయి నెల కూడా కాలేదు, ఇద్దరూ మా దగ్గరికి న్యూకాజిల్ వచ్చారు, వచ్చిన దగ్గర్నుంచీ ఒకటే రీల్ తిప్పి తిప్పి చూపిస్తున్నాడు, పాతకాలంలో యూరప్‌లో కొత్త జంటకి పెళ్లయ్యాక నెల్లాళ్లు రోజూ తేనెతో చేసిన మీడ్ తాగించేవాళ్లట వదినా, ఆ నెలే హనీమూన్ అట, పిల్లలు తొందరగా పుడతారని నమ్మకమట, ఇప్పుడు మళ్లీ పెళ్లిళ్లలో ఆ బాటిళ్లు గిఫ్ట్ ఇస్తున్నారట అని. ఆ దీవికే లిండిస్ఫార్న్ అని ఇంకో పేరు, లిండిస్ఫార్న్ మీడ్ అనేది పక్కనే ఉందని తెలిశాక ఇంకేముంది, శనివారం పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టి బయల్దేరాం.

అసలు వీళ్లు ఇక్కడికి వచ్చిందే ఆషాఢం పుణ్యమా అని. అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు, అల్లుడు అత్తారింటికి పోకూడదు, మరి వీళ్లనెక్కడ పెట్టాలి అని రెండువైపులా వాళ్లూ తల పట్టుకుంటే మా అత్తగారే తేల్చేశారు, ఇంగ్లండ్‌లో గడప నాదీ కాదు, వియ్యపురాలిదీ కాదు, పోయి పెద్దాడి దగ్గర ఉండండి అని. నా పెళ్లప్పుడు ఈ లాజిక్ ఎవరికీ తట్టలేదు. నేను తణుకులో మా అమ్మ దగ్గర, ఆయన బెంగళూరులో, మధ్యలో ఫోన్ రీచార్జ్‌లు. వాళ్లకి పెళ్లయిన కొత్తలో నెల్లాళ్లు తేనె, మనకి నెల్లాళ్లు పుట్టిల్లు, కుళ్లు రాదా మరి.

ఏ1 హైవే మీద బోర్ కొట్టే ప్రయాణం, దాని గురించి చెప్పడానికేం లేదు, బీల్ దగ్గర కుడివైపు తిరిగితే రోడ్డు సరాసరి సముద్రంలోకి దిగిపోతుంది. నిజంగానే. 1954లో వేసిన కాజ్‌వే ఇది, అంటే దీవికి వెళ్లే రోడ్డు, రోజుకి రెండుసార్లు పోటు వచ్చి ముంచేస్తుంది, ఆటు వచ్చాక మళ్లీ తేలుతుంది. ఎప్పుడు దాటొచ్చో కౌన్సిల్ వాళ్లు టైములు పెడతారు. మా ఆయన సంగతి తెలిసిందే కదా, రైలుకైనా గంట ముందు వెళ్లే మనిషి, ఇక్కడ కూడా అంతే, మేం వెళ్లేసరికి రోడ్డు లేదు, నీళ్లున్నాయి. నీళ్ల మధ్యలో ఎత్తైన కాళ్ల మీద తెల్ల గది ఒకటి, ఎవరైనా ఇరుక్కుపోతే మెట్లెక్కి అందులో కూర్చోవాలి. ఇవతల ఒక బోర్డు, మునిగిపోయిన కారు ఫొటో వేసి, ఇది మీరే కావచ్చు అని. కొత్త పెళ్లికూతురు ఆ బోర్డు చూసి సెల్ఫీ తీసుకుంది.

ఆ ఎదురుచూపు మాత్రం నాకు భలే నచ్చింది, ఇప్పటికీ ట్రిప్ అంటే అదే గుర్తొస్తోంది. మా ముందు పది పన్నెండు కార్లు, ఎవరూ హారన్ కొట్టరు, అందరూ దిగి ఊరికే నీళ్లు చూస్తున్నారు. ఒకాయన కుక్కని దింపి నడిపిస్తున్నాడు. మేం బానెట్ మీద పేపర్ ప్లేట్లు పెట్టి పులిహోర తిన్నాం. దూరంగా ఇసుక దిబ్బల మీంచి ఊ... అని మూలుగు, గాలేమో అనుకున్నా, సీల్స్ అట, గుంపుగా పడుకుని అరుస్తాయట. కాసేపటికి రోడ్డు మధ్య గీత కనపడింది, తర్వాత అంచులు, చివరికి నాచు అంటుకున్న తారు మొత్తం బయటపడింది. టైమ్ అయ్యేదాకా ఒక్క కారు కూడా కదల్లేదు. మా మరిది నీళ్లు తగ్గాయిగా పోదాం అన్నాడు గానీ మా ఆయన తాళాలు జేబులో వేసుకుని కూర్చున్నారు.

దీవిలో ఊరు చిన్నది, నూట యాభై మంది ఉంటారంతే. పార్కింగ్ మెషీన్‌లో పౌండ్లు పోసి ఊళ్లోకి నడిచాం. క్రీ.శ. 635లో సెయింట్ ఐడన్ మఠం పెట్టిందీ, 793లో వైకింగులు వచ్చి దోచుకుపోయిందీ ఇక్కడే, కానీ మావాడికి చరిత్ర అక్కర్లేదు, డైరెక్ట్‌గా మీడ్ షాపుకి లాక్కుపోయాడు.

చిటికెడంత కప్పులో టేస్ట్‌కి ఇస్తారు. లేత పసుపు రంగు, ముక్కు దగ్గర పెట్టుకుంటే తేనె వాసన బానే ఉంది, నోట్లో పోసుకుంటే మాత్రం శ్రీరామనవమి పానకంలో ఎవరో స్పిరిట్ కలిపినట్టుంది. మామూలుగా మీడ్ అంటే తేనె, నీళ్లు, ఈస్ట్ వేసి పులియబెట్టడమే, ఇక్కడిది అలా కాదు, ద్రాక్షరసం పులిసిందాంట్లో తేనె, మూలికలు వేసి పైన ఇంకాస్త ఆల్కహాల్ కలుపుతారు. అంటే మా మరిది రీల్‌లో చూసిన పాతకాలపు మీడ్ ఇది కాదన్నమాట. మా ఆయనకి డ్రైవింగ్ ఉంది కాబట్టి వాసన చూసి పక్కన పెట్టారు, ఖాళీగా ఉండి ఫోన్‌లో వెతికి ఇంకో బాంబు పేల్చారు. 1656లో థామస్ బ్లౌంట్ అనే ఆయన డిక్షనరీలో హనీమూన్‌కి రాసింది ఏంటంటే, మొదట్లో ప్రేమగా ఉండి తర్వాత తగ్గిపోయే జంటల గురించి ఆ మాట, ఇప్పుడు తేనె, కానీ చంద్రుడిలా మారిపోతుంది అని. మీడ్ ఊసే లేదు. కొత్త పెళ్లికూతురు మొహం మాడ్చుకుంది. ఇవి ఇక్కడ చదవాలా అని నేను గిల్లాను. అయినా మావాడు పెద్ద బాటిలే కొన్నాడు, ఆ డబ్బుతో ఇండియన్ షాపులో నెలకి సరిపడా కందిపప్పు వస్తుంది.

ఎండ కాస్త ఎక్కువగా ఉంటే సెయింట్ మేరీస్ చర్చిలోకి వెళ్లాం. పూలు సర్దుతున్న ఒక పెద్దావిడ మా తోటికోడలి చేతుల మీద మిగిలిన గోరింటాకు చూసి కొత్తగా పెళ్లయిందా అని అడిగి, పదండి అని బయటికి తీసుకెళ్లింది. గడ్డిలో ఒక రాయి, పెటింగ్ స్టోన్ అంటారు, పాతకాలపు శిలువ నిలబెట్టిన దిమ్మ అట. ఈ చర్చిలో పెళ్లి చేసుకున్న ఏ అమ్మాయైనా బయటికి రాగానే దీన్ని దూకాలి, ఊళ్లో ఇద్దరు పెద్దమనుషులు చెరో చెయ్యి పట్టుకుంటారు, తడబడకుండా దూకితే కాపురం బాగుంటుంది. ఈ చుట్టుపక్కల చర్చి గేటు కట్టేసే ఆచారం కూడా ఉందట, పెళ్లికొడుకు చిల్లర తీస్తేనే విప్పుతారు. అది వినగానే మా ఆడపడుచు గుర్తొచ్చింది, గుమ్మం దగ్గర పేర్లు చెబితే తప్ప లోపలికి రానివ్వనని నిలబడి, పేర్లు చెప్పాక కూడా డబ్బులు గుంజింది.

ఆవిడ తన పెళ్లి సంగతి చెప్పింది. ఆ రోజు ఒకటే గాలి, గౌను ఎగిరిపోతుంటే ఒక చెయ్యి గౌనుకి కావాలి, రెండు చేతులేమో ముసలాళ్లు పట్టుకున్నారు, ఎలాగోలా దూకేశానంది. మీ మీడ్ కూడా తాగారా అని మా మరిది అడిగాడు. ఆవిడ నవ్వి, మా పెళ్లికి టీ, హామ్ శాండ్‌విచ్‌లు పెట్టారు, మీడ్ మీలాంటి వాళ్లు కొనుక్కుంటారు అంది.

నాకు అదే నచ్చింది. బాటిల్ కథ ఎవరికైనా అమ్ముతారు, రాయి మాత్రం ఈ చర్చిలో పెళ్లాడిన పిల్లకే. నేనూ దూకనా అని మా తోటికోడలు అడిగితే, నీ పెళ్లి ఇక్కడ కాలేదుగా అమ్మాయీ అంది ఆవిడ ప్రేమగానే, కానీ ఒప్పుకోలేదు. అడిగి కాదనిపించుకున్నందుకు ఈ పిల్ల ఏమీ ఫీలవలేదు, అక్కా మా పెళ్లిలో మధుపర్కం ఇచ్చినప్పుడు పెరుగులో తేనె కలిపి ఈయన చేతిలో పోశారు, తేనె లెక్క అప్పుడే అయిపోయింది కదా అంది. వీడియోవాడు అడ్డంగా నిలబడి ఆ షాట్ కూడా మిస్ చేశాడట.

మళ్లీ పోటు వచ్చే టైమ్ అని మా ఆయన తొందరపెట్టి కోట కూడా చూడనివ్వలేదు. నెల్లాళ్లు తాగుతామన్న జంట రెండో రోజుకే తీపి ఎక్కువైందని వదిలేశారు, ఆ తర్వాత వారం ఎడిన్‌బరో, అటునుంచి హైదరాబాద్. లగేజీ ఎక్కువైందని బాటిల్ కూడా వదిలేశారు. ముప్పావు వంతు మా ఫ్రిజ్ డోర్‌లోనే ఉంది, న్యూకాజిల్ వైపు కొత్త జంట ఎవరైనా వస్తుంటే చెప్పండి, ఫ్రీగా ఇచ్చేస్తా.